అగ్నిరక్షణ ఏర్పాట్లలో చెక్ వాల్వులు: ఎంపిక, పోషణ

వేసవి వచ్చినదనగా మన గ్రామములలో అగ్నిభయము మొదలగును. కళ్లములు ముగిసి ఇండ్ల వెనుక గడ్డివాములు లేచియుండును. పాకల కప్పులు ఎండి గలగలలాడుచుండును. పత్తి జిన్నింగు మిల్లులలోను, మిర్చి గోదాములలోను సరుకు నిండియుండును. గాలి వీచు వేళ ఒక్క నిప్పురవ్వ చాలును. అగ్నిమాపక శకటము పట్టణమునుండి బయలుదేరి ఊరు చేరులోపల జరుగవలసిన నష్టము చాలవరకు జరిగిపోవచ్చును. కావున ఆ మొదటి నిమిషములలో వాడుకొనుటకు ఊరిలోనే నీరు సిద్ధముగా నుండవలెను. ఇందుకొరకే ఓవర్‌హెడ్ ట్యాంకునుండి అగ్నిమాపకమునకు ప్రత్యేకముగా ఒక గొట్టమును దింపుట, గోదాములలో, మిల్లులలో, పాఠశాలలలో, ఆసుపత్రులలో పంపులను, నీటి గొట్టములను అమర్చుట అవసరమగుచున్నది.

ట్యాంకు అందరికిని కనబడును. పంపు చప్పుడు అందరికిని వినబడును. కాని ఆ నీరు నిప్పు దగ్గరకు చేరునా లేదా అనునది, గొట్టము లోపల ఎవ్వరికిని కనబడని ఒక చిన్న తలుపుపై ఆధారపడియున్నది. దానినే చెక్ వాల్వు అందురు. పంపు మెకానిక్కులు దానిని నాన్ రిటర్న్ వాల్వు అనియు, పొట్టిగా ఎన్.ఆర్.వి. అనియు పిలుతురు. ఈ వ్యాసమున మేము దాని పని యేమో, దానిని ఎట్లు ఎంచుకొనవలెనో, ఎట్లు కాపాడుకొనవలెనో పంచాయతీ సభ్యులకు తెలియజేయ దలచితిమి.

చెక్ వాల్వు అనగా నేమి?

చెక్ వాల్వు ఏకముఖ కవాటము. నీటిని ఒక దిక్కునకే పోనిచ్చును, వెనుకకు రానీయదు. దానిని తెరచుటకు, మూయుటకు మనిషి అక్కరలేదు. నీరు ముందుకు నెట్టినపుడు తలుపు తెరచుకొనును. నీరు వెనుదిరిగినపుడు ఆ నీటి బరువునకే తలుపు మూసికొనును.

ఇది మనకు క్రొత్త వస్తువు కాదు. సైకిలు ట్యూబులోని వాల్వు గాలిని లోనికి పోనిచ్చి వెలికి రానీయదు. మన గుండెలోని కవాటములు నెత్తురును ఒకే దిక్కునకు నడుపుచున్నవి. ఇండియా మార్క్ 2 చేతిపంపును ఎరుగని గ్రామము లేదు. దాని సిలిండరు అడుగున ఒక ఫుట్ వాల్వు గలదు. పిడిని క్రిందికి నొక్కినపుడు అది తెరచుకొని నీటిని లోనికి తీసికొనును. పిడి పైకి లేచినపుడు మూసికొని ఆ నీటిని నిలుపును. రాత్రియంతయు వాడని చేతిపంపును ఉదయము చాలసార్లు కొట్టినగాని నీరు రాకున్నచో, ఫుట్ వాల్వు కారుచున్నదేమోయని మెకానిక్కు మొదట అనుమానించును. చేతిపంపు విషయమున ఈ లోపమువలన కలుగునది కొంత శ్రమ మాత్రమే. అగ్నిమాపక పంపు విషయమున అదే లోపము ఇండ్లు కాలిపోవుటకు కారణము కాగలదు.

ఎచ్చట ఉండవలెను?

మొదటిది, పీల్చు గొట్టపు కొన. పంపు బావికిగాని, నేలతొట్టికిగాని పైన ఉన్నపుడు ఆ గొట్టపు అడుగున జల్లెడతో కూడిన ఫుట్ వాల్వు ఉండవలెను. సాధారణముగా మనము వాడు సెంట్రిఫ్యూగల్ పంపు గాలిని లాగి నీటిని తేజాలదు; దాని కడుపు, పీల్చు గొట్టము ముందుగనే నీటితో నిండియుండవలెను. ఫుట్ వాల్వు కారినచో గొట్టము ఖాళీయగును. అప్పుడు మోటారు తిరుగును గాని నీరు రాదు. నిప్పు మండుచుండగా బిందెలతో పంపునకు నీళ్ళు పోయుచు కూర్చుండవలసివచ్చును. అందువలన వీలైనచోట నీటిమట్టమునకు దిగువనే పంపును అమర్చుట ఉత్తమము.

రెండవది, పంపు నుండి నీరు వెలువడు గొట్టము. పంపు ఆగినపుడు ఎత్తుననున్న నీరు వెనుకకు దిగి పంపును ఎదురు త్రిప్పకుండ ఈ వాల్వు కాపాడును. కరెంటు పంపు ఒకటి, డీజిలు పంపు ఒకటి జంటగా ఉన్నచోట ప్రతి పంపునకును ప్రత్యేకముగా చెక్ వాల్వు ఉండి తీరవలెను. లేనియెడల ఒక పంపు తోడిన నీరు రెండవ పంపుగుండా తిరిగి తొట్టిలోనికే పోవును. చప్పుడు వినబడుచుండును, గొట్టము కొనలో మాత్రము ధార ఉండదు.

మూడవది, ఎత్తుననున్న ట్యాంకునుండి దిగు అగ్నిమాపక గొట్టము. పంపు నడచునపుడుగాని, అగ్నిమాపక శకటము తన పంపుతో ఈ గొట్టములోనికి నీరు ఎక్కించునపుడుగాని, ఆ నీరు సులభమైన దారిని ట్యాంకులోనికి ఎక్కిపోవుటకు చూచును. దానిని ఆపి నీటిని నిప్పు వైపునకు మరలించునది ఇచ్చటి చెక్ వాల్వే.

నాలుగవది, శకటము వారు తమ గొట్టమును తగిలించు ప్రవేశ ద్వారము. ఇచ్చట 63 మిల్లీమీటర్ల కప్లింగు ఉండును. దాని వెనుకనున్న చెక్ వాల్వు, శకటము లేనపుడు మన నీరు బయటకు కారిపోకుండ చేయును.

త్రాగునీటి సంగతి వేరుగా చెప్పవలసియున్నది. అగ్నిమాపక గొట్టములలో నీరు నెలల తరబడి నిలిచి, తుప్పు పట్టి, వాసన వేయును. అది త్రాగునీటిలో కలియరాదు. ఈ రెంటిని నేరుగా కలిపి నడుమ ఒక్క చెక్ వాల్వును నమ్ముకొనుట తగదు. అగ్నిమాపకమునకు వేరు తొట్టిని కట్టి, దానిని నింపు గొట్టము మూతి ఎల్లప్పుడు నీటిమట్టమునకు పైన ఉండునట్లు చేయవలెను. ఒకే ట్యాంకును రెంటికిని వాడక తప్పనియెడల, త్రాగునీటి గొట్టమును అడుగునకు కొంత ఎత్తున, అగ్నిమాపక గొట్టమును అడుగున అమర్చవలెను. ఊరివారు ఎంత వాడుకొన్నను అడుగు నీరు నిప్పు కొరకు మిగిలియుండును. అగ్నిమాపక గొట్టములోని నీరు ట్యాంకులోనికి తిరిగి రాకుండ ఇచ్చటి చెక్ వాల్వు మరింత జాగ్రత్తగా ఉండవలెను.

కారుట చిన్న విషయమా?

వాల్వునుండి నిమిషమునకు 5 లీటర్ల నీరు వెనుకకు పోవుచున్నదనుకొందము. అది వినుటకు చిన్నదే. గంటకు 300 లీటర్లు, దినమునకు 7,200 లీటర్లు అగును. నిప్పు కొరకు దాచిన 20,000 లీటర్లు మూడు దినములు నిండకముందే అడుగంటును. పైకి చుక్కయైనను కానరాదు. నీరు పంపుగుండా బావిలోనికే పోవును. ఒత్తిడిని నిలుపుటకు చిన్న జాకీ పంపు పెట్టిన మిల్లులలో, గోదాములలో ఆ పంపు మాటిమాటికి తనంతట తాను నడచుచున్నచో ఇట్టి కారుడు ఉన్నదని అనుమానింపవలెను.

ఇక రెండవ కీడు దెబ్బ. కరెంటు పోయి పంపు ఆగినపుడు గొట్టములో దబ్బుమని చప్పుడగుట పంపు ఆపరేటర్లందరు ఎరుగుదురు. వాల్వు తలుపు ఆలస్యముగా మూసికొనుటచే వెనుకకు పరుగెత్తు నీరు ఒక్కుమ్మడి ఆగి గొట్టమును కొట్టును. సెకనుకు ఒక మీటరు వేగముతో పోవు నీరు ఇనుప గొట్టములో హఠాత్తుగా ఆగినచో, చదరపు సెంటీమీటరునకు సుమారు 10 కిలోల అదనపు ఒత్తిడి పుట్టగలదు. అది 100 మీటర్ల ఎత్తు నీటి బరువుతో సమానము. ప్లాస్టిక్ గొట్టములలో ఇది ఇంతకంటె తక్కువ. కాని ఆ గొట్టముల బలము కూడ తక్కువయే. గొట్టపు అతుకులు మాటిమాటికి ఊడుచున్న గ్రామమున గొట్టములను నిందింపకముందు చెక్ వాల్వును చూడుట మంచిది.

ఏ రకమును ఎంచుకొనవలెను?

తలుపు రకము: ఇది మిక్కిలి వాడుకలోనున్నది. మడతబందుకు వ్రేలాడు తలుపు నీటి తోపునకు తెరచుకొనును. నీటి ఒత్తిడిని ఎక్కువగా తినదు, చెత్తను సులభముగా పోనిచ్చును. అడ్డముగానున్న గొట్టములోను, నీరు క్రిందినుండి పైకి పోవు నిలువు గొట్టములోను పెట్టవచ్చును. నీరు పైనుండి క్రిందికి దిగు నిలువు గొట్టములో పెట్టరాదు. అచ్చట తలుపు తెరచుకొనియే వ్రేలాడుచుండును. ట్యాంకు గొట్టమున ఈ పొరపాటు జరుగకుండ, అడ్డముగా పోవు భాగముననే దానిని అమర్చవలెను.

బిళ్ళ పైకి లేచు రకము: ఇది బిగువుగా మూసికొనును. కాని నీటి దారి వంకరగుటచే ఒత్తిడి తగ్గును. ఇసుక, తుప్పు పెచ్చులు చిక్కుకొనును. చిన్న గొట్టములకు, శుభ్రమైన నీటికి తగును.

స్ప్రింగు గల రకము, రెండు రెక్కల రకము: ఇవి నీరు వెనుదిరుగకముందే మూసికొనును. కావున దెబ్బ తక్కువ. ఎత్తైన చోటికి నీటిని ఎక్కించు పంపులకు, కరెంటు తరచుగా పోవు చోట్లకు ఇవి మేలు. ధర కొంత హెచ్చు. స్ప్రింగు తుప్పు పట్టని ఉక్కుతో చేసినదై ఉండవలెను.

ఫుట్ వాల్వు: దీని జల్లెడ రంధ్రముల మొత్తము వైశాల్యము గొట్టపు వైశాల్యమునకు కనీసము రెండు రెట్లు ఉండవలెను. బురద లాగకుండ తొట్టి అడుగునకు ఒక అడుగు ఎత్తున ఉంచవలెను.

కొనునపుడు చూడవలసినవి

తక్కువ ధర పలికినవానికే కొటేషను ఇచ్చుట వాడుక. ధరకు ముందు ఈ విషయములను వ్రాతమూలకముగా అడుగవలెనని మేము సలహా ఇచ్చుచున్నాము.

1. ప్రమాణము. నీటి సరఫరాకు వాడు తలుపు రకపు వాల్వులకు భారత ప్రమాణము ఐ.ఎస్. 5312, ఫుట్ వాల్వులకు ఐ.ఎస్. 4038, చిన్న కంచు వాల్వులకు ఐ.ఎస్. 778. ఈ సంఖ్యను ఆర్డరులో వ్రాసి, వచ్చిన సరుకుపై ఐ.ఎస్.ఐ. గుర్తును చూచి తీసికొనవలెను.

2. ఒత్తిడి. ప్రతి 10 మీటర్ల ఎత్తునకు చదరపు సెంటీమీటరునకు సుమారు ఒక కిలో ఒత్తిడి యగును. 15 మీటర్ల ట్యాంకు ఒత్తిడి ఒకటిన్నర కిలోలే. కాని అగ్నిమాపక పంపు, శకటపు పంపు ఇంతకు ఎన్నో రెట్లు నెట్టును. దానిపై దెబ్బ కూడ కలియును. కావున ట్యాంకు ఎత్తును మాత్రమే చూచి వాల్వు కొనరాదు. పంపు ఇచ్చు గరిష్ఠ ఒత్తిడిని ఇంజనీరు చేత వ్రాయించి, అంతకు మించిన బలము గల వాల్వునే తీసికొనవలెను. వాల్వుపై పి.ఎన్. 1.0 అని యున్నను, పి.ఎన్. 10 అని యున్నను అది సుమారు 10 కిలోల ఒత్తిడికి తగినదని అర్థము.

3. పరిమాణము. పెద్దది కొన్న మంచిదనుట సరికాదు. నీటి ధారకు మించిన పెద్ద వాల్వులో తలుపు పూర్తిగా తెరచుకొనక అల్లలాడుచు మడతబందును అరగదీసికొనును.

4. లోపలి భాగములు. పైతొడుగు పోత ఇనుముదైనను, తలుపు కూర్చుండు పీట, మడతబందు కడ్డీ కంచువిగాని, స్టెయిన్‌లెస్ స్టీలువిగాని ఉండవలెను. నెలల తరబడి కదలక నిలిచియుండు అగ్నిమాపక గొట్టములో ఇనుప కడ్డీ తుప్పుతో అతుకుకొనిపోవును.

5. మూత. బోల్టులతో బిగించిన పైమూత ఉన్నచో వాల్వును గొట్టమునుండి విప్పకయే లోపల చూడవచ్చును. అదనపు రబ్బరు వాషర్లను అప్పుడే కొని ఉంచుకొనవలెను.

బిగించునపుడు వాల్వుపైనున్న బాణపు గుర్తు నీరు పోవలసిన దిక్కును చూపవలెను. పంపు తరువాత మొదట చెక్ వాల్వు, దాని తరువాత గేటు వాల్వు, ఇదియే సరియైన వరుస. అట్లున్నగాని గేటు వాల్వును మూసి, గొట్టములోని నీటిని వదలకయే చెక్ వాల్వును బాగుచేయ వీలుపడదు. పంపు మూతికిగాని, వంపునకుగాని ఆనించి పెట్టక, గొట్టపు వెడల్పునకు అయిదు రెట్లు తిన్నని గొట్టమును విడిచి పెట్టుట మేలు.

పరీక్షలు

ఈ పరీక్షలకు ఇంజనీరు అక్కరలేదు. పంపు ఆపరేటరు చేయుచుండగా సభ్యులు ప్రక్కన నిలిచి చూడవచ్చును.

పంపును ఆపి చూచుట: పంపు ఆగిన పిదప దాని ఇరుసు ఎదురు తిరుగుచున్నదా అని దూరమునుండి చూడవలెను. చేయి పెట్టరాదు. ఎదురు తిరిగినచో వాల్వు మూసికొనుట లేదని అర్థము.

గేజిని చూచుట: ప్రెషరు గేజి గేటు వాల్వునకు ఆవల, గొట్టము వైపున ఉండవలెను. కుళాయిలన్నియు కట్టి, పంపును, జాకీ పంపును ఆపి అరగంట సేపు ముల్లును చూడవలెను. ముల్లు దిగుచున్నచో గేటు వాల్వును మూయవలెను. దిగుట ఆగినచో లోపము చెక్ వాల్వుది. అయినను దిగుచున్నచో లోపము గొట్టములోనో, కుళాయిలలోనో ఉన్నది. పరీక్ష ముగిసినవెంటనే పంపులను తిరిగి ఆటోమేటిక్ స్థితిలో ఉంచవలెను.

నీళ్ళు పోసి చూచుట: ఫుట్ వాల్వు గల పంపునకు సాయంకాలము నిండుగా నీళ్ళు పోసి, మరునాటి ఉదయము మూత విప్పి చూడవలెను. నీటిమట్టము దిగియున్నచో ఫుట్ వాల్వుగాని, పీల్చు గొట్టపు అతుకుగాని కారుచున్నది.

ఏ కాలమున ఏమి చేయవలెను?

వారమునకు ఒకసారి నీటిమట్టమును, గేజి ముల్లును చూచి రిజిస్టరులో వ్రాయవలెను. నెలకు ఒకసారి పంపును నడిపి, గొట్టపు కొననుండి ధార పట్టించి, ఆపినపుడు పై పరీక్షలు చేయవలెను. నెలల తరబడి కదలని తలుపునకు ఈ కదలికయే ఆరోగ్యము. ఏడాదికి ఒకసారి ఫుట్ వాల్వును పైకి తీసి నాచును, బురదను కడిగి, వాషరును మార్చవలెను. పంపు దగ్గరి చెక్ వాల్వు మూత విప్పి తలుపును చేతితో ఆడించి చూచి, పీటపైనున్న తుప్పును తుడువవలెను. అమెరికా దేశపు జాతీయ అగ్నిరక్షణ సంఘము వారి 25వ సంఖ్య ప్రమాణము, ప్రతి 5 సంవత్సరములకు ఒకసారి చెక్ వాల్వుల లోపలి భాగమును పరిశీలింపవలెనని విధించుచున్నది. బురద నీరు, ఇసుక నీరు వాడు మన గ్రామములలో అంతకాలము ఆగక ఏటేట చూచుట క్షేమమని మా అభిప్రాయము.

ధార తగ్గినదని వాల్వులోని తలుపును ఊడదీసి ఖాళీ తొడుగును బిగించుట ఎన్నడును తగదు. ధార తగ్గుటకు కారణము వేరుగా వెదకవలెను. ఇంతకంటె ప్రమాదకరమైనది మరొకటి గలదు: మరమ్మతు కొరకు మూసిన గేటు వాల్వును తిరిగి తెరచుట మరచిపోవుట. చెక్ వాల్వు క్రొత్తదైనను అప్పుడు ఒక్క చుక్కయు రాదు. గేటు వాల్వును మూసినవెంటనే దాని చక్రమునకు ఎఱ్ఱగుడ్డ కట్టవలెను. తెరచి, ధార పట్టించి చూచిన పిదపనే విప్పవలెను. మరమ్మతు ఒక దినమునకు మించినచో సమీప అగ్నిమాపక కేంద్రమునకు ముందుగా తెలియజేయవలెను.

పంచాయతీ బాధ్యత

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో త్రాగునీరు, సమాజపు ఆస్తుల పోషణ పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. ట్యాంకు, పంపు, వాల్వు ఇవన్నియు సమాజపు ఆస్తులే. ఏదైన ప్రమాదము జరిగిన పిదప పంపు ఆపరేటరును నిలదీయుట సులభము. అతనికి వాషరు కొనుటకు డబ్బు, మూత విప్పుటకు ఒక దినము సెలవు, వ్రాయుటకు ఒక రిజిస్టరు ముందుగా ఇచ్చితిమా అని మనలను మనమే ప్రశ్నించుకొనుట న్యాయము. సంవత్సరపు బడ్జెటులో వాల్వుల పోషణకు ప్రత్యేకముగా ఒక పద్దు వ్రాసి, ఆ రిజిస్టరును నెలకొకసారి సమావేశమున చదివించవలెను. గ్రామములోని మిల్లులు, గోదాములు, పాఠశాలల యాజమాన్యములను కూడ తమ పరీక్షల రిజిస్టరును చూపుమని కోరవలెను.

1944వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి రేవులో ఒక ఓడ అంటుకొని ప్రేలినపుడు ప్రాణములర్పించిన అగ్నిమాపక సిబ్బంది స్మృతికై, ఏటేట ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవములు జరుగుచున్నవి. మన ప్రాంతమున ఎండలు ముదురు కాలము కూడ అదియే. ఉగాది పండుగకు ఇండ్లను శుభ్రము చేసికొనుచున్నట్లే, ఆ వారము రాకముందే ఊరిలోని ప్రతి చెక్ వాల్వును విప్పి, తుడిచి, పరీక్షించి ఉంచవలెను. వారోత్సవ దినములలో అగ్నిమాపక కేంద్రము వారిని పిలిచి, ఊరివారందరి యెదుట ఆ గొట్టమునుండి ధార పట్టించి చూపవలెను. నిప్పు కనబడిన వెంటనే 101కిగాని, 112కుగాని ఫోను చేయవలెనని కూడ అప్పుడే అందరికిని చెప్పవలెను. శకటము దారిలో ఉన్నంతసేపు ఊరిని కాపాడవలసినది మన ట్యాంకులోని నీరే.